జెల్‌లో లేదు, పొరమీద లేదు

పైగట్టు పరీక్షశాల పనిపుస్తకం. మెరుపు తర్వాత ముప్పై ఒకటో ఏడు.

జ్యేష్ఠ బహుళ తదియ. మిగిలిన పొరలు నాలుగు.

హైమ పరీక్ష తేలలేదు.

మార్తమ్మగారు తీసిచ్చిన రక్తంలోంచి తేట వేరుచేసి నిన్న జెల్‌లో నడిపాను. పక్క గాడిలో ఎప్పటిలాగే నరసయ్య పాత నమూనా పెట్టాను. ఆయనకు రెండేళ్ళ కిందట తెరజ్వరం వచ్చి తగ్గింది. తగ్గినవాళ్ళ రక్తం ఎలా ఉండాలో చూసుకోవడానికి మాకు ఆయన నమూనాయే ఆధారం. తర్వాత జెల్‌కు పొరను ఆనించి, పెట్టెలో నిలబెట్టి, బ్యాటరీల తీగలు తగిలించి, గంట లెక్కకు జపమాల పదిసార్లు తిప్పాను. జెల్‌లో విడివిడిగా నిలిచిన ప్రొటీన్లు కరెంటుకు కదిలి పొరమీదికి దిగాలి. దిగినచోట ఈ పొద్దున రంగు పట్టి గీతలు తేలాలి.

పెద్దాయన వచ్చాడు. చిట్టి రాలేదు.

ఈ పేర్లు మా గురువుగారు పెట్టినవి. పెద్దాయన బరువైన ప్రొటీను. అందరి రక్తంలోనూ ఉంటాడు. ఆయన గీత పడిందంటే పని సరిగా నడిచిందని అర్థం. చిట్టి చాలా చిన్నది. ఒళ్ళు తెరజ్వరాన్ని గెలిచాకే పుడుతుంది. చిట్టి గీత కనపడితే మనిషి ఇంటికి రావచ్చు. కనపడకపోతే జ్వరం ఇంకా ఒంట్లో దాగి ఉన్నట్టే.

హైమ గాడిలో చిట్టి లేదు. నరసయ్య గాడిలోనూ లేదు.

మార్తమ్మగారు గట్టు మొత్తానికి డాక్టరు. పొరను వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు.

“నరసయ్య నమూనా పాడైపోయుంటాదండి త్రిపురగారూ. రెండేళ్ళది కదా. మీ చెల్లెలికి మరి, ఇంకా తగ్గలేదేమో.”

“మళ్ళీ చేస్తాను.”

“చెయ్యండి. ద్వాదశికి మాత్రం తాడు విప్పేస్తారు. అది నా చేతిలో లేదు.”

అది నాకూ తెలుసు. వానలు మొదలైతే, జ్వరం వచ్చినవాళ్ళను విడిగా ఉంచే ఒంటరి పాకలోకి వాగు వస్తుంది. అందులో ఉన్నవాళ్ళు ఆ లోపల ఇంటికైనా రావాలి, తాడుబుట్టలో లోయ దాటి అవతలి కొండకైనా పోవాలి. తాడు విప్పాక నాలుగు నెలలు రాకపోకలు ఉండవు. పోయినేడు ఇద్దరు వెళ్ళారు. ఒకరు తిరిగి వచ్చారు.

హైమ నా చెల్లెలు. పాకలోకి వెళ్ళి నేటికి ముప్పై ఎనిమిది రోజులు. ఇప్పుడు పాకలో తనొక్కతే ఉంది.

స్వామీ, ఉన్నది ఉన్నట్టు చూపించు.

జ్యేష్ఠ బహుళ పంచమి. మిగిలిన పొరలు మూడు.

రెండోసారి. పెద్దాయన వచ్చాడు, చిట్టి రాలేదు. నరసయ్యకూ రాలేదు.

ఈసారి అడుగడుగునా చూసుకుని చేశాను. పొరను ముందు ఇప్పపువ్వు స్పిరిట్‌లో తడిపాను. తడపకపోతే ఏదీ పట్టుకోదు. స్పాంజి, కాగితం, జెల్, పొర, మళ్ళీ కాగితం, స్పాంజి వరసగా పేర్చి, పైన గాజుగొట్టం దొర్లించాను. మధ్యలో గాలిబుడగ ఉంటే ఆ చోట గీత పడదు, గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. అలాంటి ఖాళీలు లేవు. పెట్టె చుట్టూ ఊటనీళ్ళు పోసి చల్లగా ఉంచాను. జెల్ ఎటు, పొర ఎటు అని మూడుసార్లు చూశాను. తిరగేసి పెడితే అన్నీ పొరమీదికి కాకుండా నీళ్ళలోకి పోతాయి. తిరగేయలేదు. తిరగేసి ఉంటే పెద్దాయన కూడా రాడు.

బ్యాటరీలేమైనా నీరసించాయేమోనని తమ్ముణ్ణి పిలిచాను. గట్టుమీద కరెంటు పనులన్నీ శేషగిరివే.

“బాగానే ఉన్నాయక్కా. వేలు పెట్టి చూశాను.”

“వేలు పెడితే ఏం తెలుస్తుందిరా?”

“మా ఆవిడ మాటకంటే కొంచెం తక్కువ చురుక్కుమంటే మంచి బ్యాటరీ. ఎక్కువైతే ఇంకా మంచిది.”

నవ్వించాలని చూశాడు. నేను నవ్వానో లేదో గుర్తులేదు. వాడి కళ్ళు మాత్రం పాక వైపే ఉన్నాయి.

మాలల లెక్కా తప్పలేదు. పైగట్టుమీద ప్రతి పనికీ నోటి కొలతే. ముప్పై ఏళ్ళ కిందటి ఆ మెరుపులో బ్యాటరీ గడియారాలన్నీ ఒక్క పూటలో చచ్చిపోయాయి. కీ ఇచ్చే గడియారం ఒకటుండేది, దాని స్ప్రింగు తెగి పదేళ్ళయింది. పొగమంచులో పొద్దు తెలియదు. అందుకని సాలెవాళ్ళకు నేతపాట, వంటశాలకు వాళ్ళ పదాలు, పరీక్షశాలకు జపమాల. నూట ఎనిమిది పూసల మాల పదిసార్లు తిరిగితే ఒక గంట. గురువుగారి నుంచి నాకు వచ్చిన కొలత ఇది. ఇరవై రెండేళ్ళుగా తిప్పుతున్నాను. ఒక్క పూస కూడా వదలలేదు.

బరువైనవాడు దిగుతున్నాడు. తేలికది ఎందుకు దిగదు?

జ్యేష్ఠ బహుళ సప్తమి. మిగిలిన పొరలు రెండు.

మొన్న శేషగిరి ఒక మాటన్నాడు. “చిన్నది కదక్కా, నడవటానికి టైం పడతదేమో. ఇంకో అయిదు మాలలు తిప్పు.”

సబబుగానే తోచింది. చిన్నపిల్లను చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళకు అలాగే తోస్తుంది. నిన్న పదిహేను మాలలు తిప్పాను.

చిట్టి రాలేదు. పెద్దాయన నల్లగా, నిండుగా ఉన్నాడు. ఎర్రరంగులో ముంచి చూస్తే మిగతా గీతలన్నీ కనపడతాయి. వాటిలో నడిమి బరువువి కూడా ఈసారి పలచబడ్డాయి. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ దిగాలి. పలచబడటం ఏమిటి?

దిగకుండా జెల్‌లోనే ఉండిపోయిందేమోనని వాడిన జెల్‌ను నీలిరంగులో వేశాను. పైభాగంలో కొంచెం నీలం మిగిలింది. చిట్టి ఉండవలసిన అడుగుభాగం అద్దంలా ఉంది. రెండు గాళ్ళలోనూ అంతే.

జెల్‌లో లేదు. పొరమీద లేదు.

అసలు పుట్టలేదంటే హైమ విషయంలో ఒప్పుకోవాలి. నరసయ్య నమూనా పాడైందంటే దాన్నీ ఒప్పుకోవాలి. రెండూ ఒప్పుకుంటే పని అయిపోతుంది. మార్తమ్మగారు మెల్లగా అదే అన్నారు. తాడుబుట్టలోకి దుప్పట్లు, జొన్నలు సర్దమని మనుషులకు చెప్పారట.

నడిమి గీతలు పలచబడటం మాత్రం నాకు ఇంకా మింగుడుపడలేదు.

జ్యేష్ఠ బహుళ అష్టమి. పొరలు రెండు.

ఈ రోజు పరీక్ష చెయ్యలేదు. మధ్యాహ్నం పాక దగ్గరికి వెళ్ళాను. పరీక్షశాల వెనక కిటికీకి పాక పది అడుగుల దూరం. నడుమ వెదురు దడి. దడి ఇవతల పీట వేసుకుని కూర్చున్నాను. హైమ తన కిటికీలో గడ్డం ఆనించుకుని ఉంది. ముఖం చిక్కింది. జ్వరం వదిలి పన్నెండు రోజులైంది, ఆకలి వేస్తోందంటుంది. అయినా చిట్టి లేదు.

“ఏంటక్కా, ముఖం అలా వేలాడేశావ్? నేను కదా పోయేదాన్ని.”

“పోవడమేమిటి? ఇంకా తేలలేదు.”

“అన్నయ్య చెప్పేశాడులే. వాడి కడుపులో ఏం దాగుద్ది?” గడ్డం కిందికి చెయ్యి పెట్టుకుంది. “అవతలి కొండమీద సీతాఫలాలు బాగా కాస్తాయంట. తిని తిని లావెక్కి వస్తాను. బుట్ట తాడు తెగుద్దని మీరే భయపడతారు.”

తనే మళ్ళీ అంది.

“ఒక్కటేనక్కా బెంగ. ఇక్కడైతే నువ్వు జపం చేస్తుంటే వినపడుద్ది. నీ గొంతు ఇటు, నా నేతపాట అటు. పొద్దు గడిచిపోద్ది. అక్కడికి వినపడదు కదా.”

“మనసులో అనుకో.”

“అనుకుంటాలే. నీకంటే గబగబా అనుకుంటాను. ఈమధ్య మరీ సాగదీస్తున్నావు నువ్వు.”

“నేనా?”

“నువ్వే. మనింట్లో ఉన్నప్పుడు నీ పది మాలలకీ నా పాట పన్నెండుసార్లు అయ్యేది. చిన్నప్పటి నుంచీ అంతేగా. ఇక్కడికి వచ్చాక పద్దెనిమిది అవుతోంది. మొన్నయితే ఇరవై ఏడు! ఈమెకి పూసలు ఎక్కువయ్యాయా, నేను పాట మర్చిపోతున్నానా అనుకున్నాను.”

నేను పీటమీది నుంచి లేచాను.

“ఏమైందక్కా?”

“ఏం లేదు. గంజి మొత్తం తాగు.”

“అరే, చెప్పి పో!”

చెప్పకుండానే వచ్చేశాను. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

పన్నెండు పాటలంటే గంట. అది గట్టు మొత్తానికీ తెలిసిన లెక్క. పద్దెనిమిదంటే గంటన్నర. మొన్నటి ఇరవై ఏడంటే రెండుంబావు గంటలు. నేను గంట అనుకున్నది గంట కాదు.

పొర గోడలాంటిది కాదు, జల్లెడలాంటిది. పెద్దాయన బరువుకు దాన్ని పట్టుకుని నిలబడతాడు. చిట్టి గంటలో దానిమీద వాలుతుంది. అప్పుడు కరెంటు ఆపాలి. ఆపకపోతే, వెనకనుంచి తోస్తూనే ఉంటే, సందుల్లోంచి అవతలికి పోయి నీళ్ళలో కలిసిపోతుంది. నడిమివి కూడా మొన్న ఆ దారే పట్టాయి. చిట్టి రాకపోలేదు. వచ్చి, దాటి వెళ్ళిపోయింది. రాలేదనుకుని నేను ఇంకా తోశాను.

ఎందుకు సాగింది అంటే, అది పనిపుస్తకంలో రాయవలసిన మాట కాదు. అయినా కారణం కారణమే కాబట్టి రాస్తున్నాను. హైమ పాకలోకి వెళ్ళిన రోజు నుంచి ప్రతి పూస దగ్గరా దాని పేరు కూడా అనుకుంటున్నాను. పూస వదలబుద్ధి కావడం లేదు. నాకు తెలియలేదు.

జ్యేష్ఠ బహుళ నవమి. పొరలు రెండు.

పొద్దున్నే చేసిన మొదటి పని, పుస్తకం వెనక్కి తిప్పడం. హైమ లోపలికి వెళ్ళాక ఇంకెవరి పరీక్షా నా చేతిమీదుగా జరగలేదు. నా సాగదీతకు ఇంకెవరూ అవతలి కొండకు పోలేదు. ఆ పేజీమీద చెయ్యి ఆనించి దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాత మార్తమ్మగారి దగ్గరికి వెళ్ళాను. శేషగిరి వెంట వచ్చాడు.

“తప్పు నాది. జపం సాగింది. చిట్టి పొర దాటిపోయింది.”

జరిగింది చెప్పాను. ఆవిడ విన్నారు. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ప్రార్థన ఎక్కువైంది అని నా దగ్గరికి వచ్చి ఒప్పుకున్న మనిషి మీరే మొదలండి. అందరూ తక్కువైందనే వస్తారు.”

“అంటే నమ్మినట్టేనా?” అన్నాడు శేషగిరి.

“నమ్మటానికేముంది బాబూ, అక్క మీద ప్రేమతో నువ్వూ నమ్ముతావు. గీత చూపిస్తే అప్పుడు తలుపు తీస్తాను. దాటిపోయిందని ఎలా చూపిస్తారు?”

“ఒక పొర వెనక ఇంకో పొర పెడతాను,” అన్నాను. “ముందుదాన్ని దాటితే వెనకదాని మీద దొరుకుతుంది.”

“ఉన్నవే రెండు.”

“అవును. కొత్తవి వానల తర్వాతే మైదానం నుంచి వస్తాయి.”

“ఈసారి తప్పితే మళ్ళీ లేదన్నమాట.”

“లేదు.”

ఆవిడ వేళ్ళు ముడుచుకుని ఆలోచించారు. “మరి గంట ఎవరు కొలుస్తారు? మీరు వద్దు. కోపం తెచ్చుకోకండి.”

కోపమెందుకు? నేనూ అదే అడగబోయాను. సాలెవాళ్ళంతా నూలు కోసం దిగువ గట్టుకు వెళ్ళారు. నేతపాట తప్పులేకుండా పాడగలిగినవాళ్ళలో ఇప్పుడు పైగట్టుమీద ఉన్నది ఒక్కతే.

“హైమ పాడుతుంది,” అన్నాను.

“తన పరీక్షకి తనే కొలతా!”

“ఎక్కువ పాడినా తక్కువ పాడినా నష్టం తనకే. పైగా పాట అందరం వింటాం.”

మార్తమ్మగారు నవ్వారు. “సరే, కానివ్వండి. నేనూ దడి దగ్గర కూర్చుంటాను.”

జ్యేష్ఠ బహుళ దశమి. పొరలు లేవు.

రెండు పొరలూ స్పిరిట్‌లో తడిపి ఒకదాని వెనక ఒకటి పెట్టాను. గొట్టం దొర్లించాను. మాల తీసి మేకుకు తగిలించాను. శేషగిరి తీగ పట్టుకున్నాడు. కిటికీలోంచి చెయ్యి ఊపాను.

హైమ మొదలుపెట్టింది.

నాకు పని లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళలో ఈ పెట్టె ముందు నోరు మూసుకుని కూర్చోవడం ఇదే మొదటిసారి. పెదవులు వాటంతట అవే కదిలాయి. పళ్ళ కింద నొక్కిపట్టాను. జపం చేస్తే మళ్ళీ దాని పేరే వస్తుంది, కొలత చెవికి అందదు. పాట మాత్రమే విన్నాను. అటు పోగు, ఇటు పోగు, మధ్యన మగ్గం పలక దెబ్బ. ఆ పాటలో దేవుడి పేరెక్కడా లేదు. నూలు, గంజి, వేళ్ళ నొప్పి, అత్తగారి సణుగుడు, అంతే. విన్నంతసేపూ నాకు గుడిలో ఉన్నట్టే ఉంది.

మార్తమ్మగారు దడి దగ్గర ఒక్కో పాటకూ ఒక్కో గులకరాయి పెట్టారు.

తొమ్మిదో పాట సగంలో హైమకు దగ్గు వచ్చింది.

పాట ఆగింది. పెట్టెలో కరెంటు ఆగలేదు. నేను లేచి నిలబడ్డాను. దగ్గు తగ్గలేదు. ఎంతసేపు ఆగిందో చెప్పే కొలత మరొకటి లేదు.

అప్పుడు శేషగిరి అందుకున్నాడు. తీగ దగ్గర నిలబడే, తెగిన చోటునుంచే. చిన్నప్పుడు మగ్గం కింద పడుకుని విన్న పాట కదా. శ్రుతి లేదు, గొంతు గార్దభమే. దెబ్బ మాత్రం ఎక్కడ పడాలో అక్కడే పడింది. రెండు వరసలయ్యాక మార్తమ్మగారు కూడా కలిశారు. ఆవిడకు మాటలు రావు. ఊఁ ఊఁ అంటూ తాళం కొట్టారు.

దగ్గుల మధ్య పాకలోంచి నవ్వు వినపడింది. “అన్నయ్యా, నువ్వు పాడితే మగ్గం విరిగిపోద్దిరా!”

“నోరు మూసుకుని నీళ్ళు తాగవే!” అని పాట రాగంలోనే తిట్టాడు. ఒక్క దెబ్బ పోలేదు.

పదోదానికి హైమ మళ్ళీ అందుకుంది. పన్నెండో రాయి పడింది. శేషగిరి తీగ లాగేశాడు.

రెండు పొరలనూ వెన్న తీసిన పాలలో నానబెట్టి, కోడిగుడ్డు సొనలోంచి తీసిన మందునీళ్ళలో ఉంచాను. అది చిట్టిని, పెద్దాయనను వెతికి పట్టుకుంటుంది. రంగు రేపు పొద్దున.

ఇప్పటిదాకా పరీక్షే తప్పు కాబట్టి ఆశ పెట్టుకోవచ్చు. ఈసారి పరీక్ష నిజం చెబుతుంది. నరసయ్యకు గీత పడి హైమకు పడకపోతే, అదీ నిజమే. దాన్ని నేనే నా చేత్తో రాయాలి. అందుకు బలం ఇమ్మని అడిగాను. ఇంకేమీ అడగలేదు.

జ్యేష్ఠ బహుళ ఏకాదశి.

తొలిజాము. సన్నగా వాన. ముగ్గురం పళ్ళెం మీదికి వంగి నిలబడ్డాం. ముందు పొరమీద రంగునీళ్ళు పోశాను.

పెద్దాయన రెండు గాళ్ళలోనూ వెంటనే వచ్చాడు.

తర్వాత అడుగున, నరసయ్య గాడిలో, గోధుమరంగు గీత. చిట్టి. రెండేళ్ళుగా చెడకుండా ఉంది పాపం. చెడిపోయిందన్నాం.

“నరసయ్యకి వచ్చింది,” అన్నారు మార్తమ్మగారు.

హైమ గాడి తెల్లగా ఉంది.

పళ్ళెం ఊపుతూనే ఉన్నాను. తెల్లగానే ఉంది. కలం ఏ పక్కన ఉందో చూసుకున్నాను, ‘లేదు’ అని రాయడానికి.

“అక్కా, ఆగు.”

గాడి అడుగున నూలుపోగంత గీత. మొదట నా కన్నీళ్ళలో చెదిరినట్టు అనిపించింది. కళ్ళు తుడుచుకుని చూశాను. కాస్త ముదిరింది. ఇంకాస్త ముదిరింది. నరసయ్యదంత లావు లేదు. నిన్నగాక మొన్న జ్వరం వదిలిన ఒళ్ళు కదా.

వెనక పొరమీద కూడా రంగు పోశాం. రెండు గాళ్ళలోనూ మరక లేదు. ఏదీ దాటలేదు.

మార్తమ్మగారు భూతద్దంతో రెండుసార్లు చూసి, ఈ పుస్తకంలోనే సంతకం చేశారు. కింద ఉన్నది వారి చేతిరాతే. “చిట్టి ఉంది. హైమవతి ఇంటికి వెళ్ళవచ్చు.”

శేషగిరి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి ఇటు తిరిగి, అడుగున చిల్లు పెట్టిన రాగిచెంబు ఒకటి చేస్తానని, నీళ్ళు కారితే గంట తెలిసేలా గీతలు కొడతానని చెప్పాడు. చెయ్యమన్నాను.

జ్యేష్ఠ బహుళ ద్వాదశి.

ఉదయం తాడు విప్పారు. బుట్ట ఖాళీగా కొట్టంలోకి చేరింది.

మార్తమ్మగారు పాక గడియ తీశారు. హైమ గడప దాటి, వానలో నిలబడి, నన్ను చూసింది. నలభై ఏడు రోజులు పది అడుగుల దూరం నుంచి చూసిన మనిషి. దగ్గరికి వచ్చాక ఏం చెయ్యాలో చేతులకు తెలియలేదు.

“అలా చూస్తావేంటక్కా? పట్టుకో, కాళ్ళు వణుకుతున్నాయి.”

పట్టుకున్నాను. ఎముకలే తగిలాయి.

ఇంటికి తెచ్చి వేడినీళ్ళు పోశాను. గంజన్నం మొత్తం తింది, ఇంకా పెట్టమంది. దాని జుట్టు చూస్తే అట్టకట్టి ఉంది. గుమ్మంలో కూర్చుని, దాన్ని కింది మెట్టుమీద కూర్చోబెట్టుకుని, ఆముదం రాసి చిక్కు తీయడం మొదలుపెట్టాను. కొసలనుంచి పైకి, ఒక్కో పాయ. దానికి ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పటి నుంచీ దాని తల నా పనే.

“అమ్మా, నొప్పి!”

“అయిపోయింది.”

“సగం కూడా అవ్వలేదు. అబద్ధాలాడతావు, నీకు జపమెందుకు?”

“ఊఁ.”

ఇంకో రెండు పాయలు అయ్యేసరికి మాటలు ఆగిపోయాయి. తల నా మోకాలికి ఆనించి నిద్రపోయింది. దువ్వెన పక్కన పెట్టి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. చూరు నీళ్ళు మెట్లమీద పడుతున్నాయి. పొయ్యిమీద పప్పు ఉడికిపోయినట్టు వాసన వస్తోంది. కాలు తిమ్మిరెక్కింది.

కదపలేదు.